సెలవులకు ఒకే సినిమా

వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయంటే ఊళ్ళో పిల్లలకి కాళ్ళు నేల మీద నిలవవు. అమ్మడికి మాత్రం దిగులు పట్టుకుంటుంది. సినిమా హాలున్న ఇంట్లో పుట్టినందుకు అది తప్పదు.

ఆ హాలు టైర్ల షాపుకీ టైలరు కొట్టుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. ఒకటే తెర. అందులో సగం నాన్నది, సగం బాబాయ్‌ది. నాన్న సగంలో సినిమా ఉంటుంది, బాబాయ్ సగంలో నిట్టూర్పు ఉంటుంది. టికెట్ల కిటికీలో అమ్మ కూర్చుంటుంది. ఆట మొదలవగానే ఆ కిటికీ మూసి, పక్క కిటికీ తెరిచి పాప్‌కార్న్ అమ్ముతుంది. మొదటి కిటికీలో చిల్లర లేదని కసిరిన మనిషే రెండో కిటికీలోంచి నవ్వుతూ "వెన్నతోనా, ఉత్తదా?" అని అడిగేసరికి కొత్తవాళ్ళు బిత్తరపోతారు.

ఊరి చివర మాల్‌లో అరడజను తెరలున్నాయి. వాళ్ళు వచ్చిన సినిమా వచ్చినట్టు వేసుకుంటారు. ఏది బాల్చీ తన్నేస్తే దాన్ని సోమవారానికల్లా తీసి అవతల పడేస్తారు. వీళ్ళకి ఆ వెసులుబాటు లేదు. సెలవులకి ఒక్క సినిమాకి మాటిస్తే, బళ్ళు మళ్ళీ తెరిచేదాకా దాంతోనే కాపురం. పైగా మాటిచ్చే నాటికి ఆ సినిమాని ఎవరూ చూసి ఉండరు. చూడకుండా పెళ్ళికి ఒప్పుకునే రోజులు పోయాయని అందరూ అంటారు గానీ, ఈ వ్యాపారంలో ఇంకా ఫొటో చూసే సంబంధం ఖాయం చేసుకోవాలి.

పోయిన వేసవిలో ఖాయం చేసుకున్న సంబంధం రెండో వారానికే వికటించింది. ఖాళీ కుర్చీల మధ్య ఫ్యాన్లు తిరుగుతుంటే బాబాయ్ ఒక మాట అనేశాడు.

"ఇంకొక్క వేసవి చూద్దాం అన్నయ్యా. అదీ పోతే కుర్చీలు పీకించి సోఫాల గోడౌన్‌కి ఇచ్చేద్దాం. సోఫాలకి ఇంటర్వెల్ అక్కర్లేదు."

నాన్న సరేనన్నాడు. ఆ వేసవి ఇప్పుడు వచ్చింది.

ఈసారి వాకిట్లో మూడు సినిమాలు నిలబడ్డాయి. ఒకటి పెద్ద హీరోది, ఇదివరకు రెండు భాగాలు ఆడిన కథకి మూడో భాగం. మొదటి భాగం అందరికీ నచ్చింది, రెండోది నచ్చిందని అందరూ చెప్పుకున్నారు, మూడోది ఎందుకు తీశారో ఎవరికీ తెలియదు. ఇంకోటి పిల్లల బొమ్మల సినిమా, అందులో ఏనుగు పాటలు పాడుతుంది. ఆఖరిది ఎవరూ పేరు వినని కుర్రాళ్ళు తీసింది. సొరంగం తవ్వేవాళ్ళు లోపల చిక్కుకుపోతారు, బయట వాళ్ళ ఇళ్ళవాళ్ళు ఎదురుచూస్తుంటారు. ఇంట్లో వీటికి మూడో భాగం, ఏనుగు, సొరంగం అని పేర్లు పెట్టేశారు. ఏనుగుకి మాల్ వాళ్ళు అప్పటికే రెండు తెరలిచ్చారు కాబట్టి అది లెక్కలోంచి పోయింది. మిగిలినవి రెండు. శుక్రవారంలోగా పంపిణీదారుకి మాట చెప్పాలి.

సినిమా ఎంచడానికి నాన్నకి ఒక పద్ధతుంది. ఆదివారం మధ్యాహ్నం ఆటలో, ఇంటర్వెల్ అయ్యాక, కొత్త సినిమాల ట్రైలర్లు వేయిస్తాడు. తను వెళ్ళి తెర కింద, తెరకి వీపు పెట్టి నిలబడతాడు. ట్రైలర్ చూడడు. చూసేవాళ్ళ మొహాలు చూస్తాడు.

"సినిమా గురించి సినిమా అబద్ధం చెప్తుంది, పోస్టర్ అబద్ధం చెప్తుంది, చూసొచ్చిన బావమరిది కూడా అబద్ధం చెప్తాడు. మొహం చెప్పదు," అంటాడు.

ఆ మాట విన్నప్పుడల్లా అమ్మ, "నా తమ్ముడి ఊసెందుకు మధ్యలో," అంటుంది.

అమ్మడికీ ఒక పద్ధతుంది. కంప్యూటర్ చదువు చదివి, ఇంట్లోనే కూర్చుని ఏదో కంపెనీ వాళ్ళ యాప్‌లలో తప్పులు వెతికిపెట్టే ఉద్యోగం చేస్తోంది. పనయ్యాక ట్రైలర్ల కింద జనం రాసిన కామెంట్లన్నీ ఒకచోటికి లాగి, ఏ సినిమా ఎన్నాళ్ళు ఆడుతుందో అంచనా వేసే మోడల్ ఒకటి కట్టింది. నాన్న పద్ధతీ ఆమె మోడలూ ఒకే మాట చెప్పింది ఇప్పటిదాకా ఒక్కసారే. అది పోయిన వేసవి. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు.

ఇప్పుడు మోడల్ మూడో భాగమే అంటోంది. అమ్మడి మనసు సొరంగం మీద ఉంది. ట్రైలర్ చూసినప్పుడు అరచేతులు తడిశాయి. కానీ మనసు మాట పైకి అనే ధైర్యం లేదు. ఆమెకి నచ్చిన సినిమా ఆడదని ఇంట్లో సామెత.

ఆ ఆదివారం నాన్న తెర కింద నిలబడ్డాడు, ట్రైలర్లు పడ్డాయి. సాయంత్రం ఆఫీసు గదిలో అందరూ చేరారు. ఆఫీసంటే ఒక బల్ల, పాత రీళ్ళ డబ్బాలు, గోడకి ఊగులాడే గడియారం.

"మూడో భాగానికి మొహాలు వెలిగిపోయాయి," అన్నాడు నాన్న. "మూడో వరసలో ఒకావిడ పిల్లాడి నోట్లో పెట్టబోయిన పాప్‌కార్న్ చెవిలో పెట్టింది. వాడూ ఏడవలేదు. గోడ వైపు కూర్చున్న మెకానిక్ ఉన్నాడు చూడు, ఎప్పుడూ నిద్రపోతుంటాడు, వాడు లేచి కూర్చున్నాడు."

"సొరంగానికి?" అంది అమ్మడు.

"దానికేముంది. చచ్చిన మొహాలు."

"ఎవరివి?"

"అందరివీ."

"మెకానిక్ ఏం చేశాడు?"

నాన్న గడ్డం గోక్కున్నాడు. "ఏమో. పడుకుని ఉంటాడు."

బాబాయ్ కుర్చీ వెనక్కి వాల్చాడు. "చీకటి సినిమాలు మన హాలుకి అచ్చిరావని మనందరికీ తెలిసిందేగా. ఇందులో తర్జనభర్జనలెందుకు? కంప్యూటరమ్మా, నీ పెట్టె ఏమంటోంది?"

"మూడో భాగమే అంటోంది బాబాయ్."

"చూశావా. పెట్టె కూడా మన వంశమే."

అందరూ నవ్వారు. అమ్మడు కూడా నవ్వింది గానీ ఆ "ఏమో" ఆమెని వదల్లేదు. నాన్న ఏమో అనే మనిషి కాదు. ఎప్పుడో ఆడిపోయిన సినిమాకి ఏ కుర్చీలో ఎవరు కళ్ళొత్తుకున్నారో ఇప్పటికీ చెప్తాడు. అలాంటిది మధ్యాహ్నం చూసిన మొహాలు సాయంత్రానికి గుర్తు లేవా? ఆయన కళ్ళకేమైనా అయిందా అని భయం పట్టుకుంది. మెట్లు దిగేటప్పుడు గోడ తడుముతున్నాడా? టికెట్ల మీద నంబరు దూరం పెట్టి చదువుతున్నాడా? ఒకసారి వెతకడం మొదలుపెడితే అన్నీ తప్పుల్లాగే కనిపించాయి. ఆమె ఉద్యోగం అదే మరి.

మర్నాడు మధ్యాహ్నం ఆటకి మళ్ళీ ట్రైలర్లు వేయమని ఆపరేటర్‌కి చెప్పి, నాన్న పక్కన వెళ్ళి నిలబడింది.

"నువ్వెందుకు?" అన్నాడు నాన్న.

"నేర్చుకుందామని."

"ముందు వరస చూడకు. వాళ్ళు మనల్ని చూస్తారు. నాలుగో వరస నుంచి చూడు."

మూడో భాగం మొదలైంది. వెనక ఏదో పేలింది, ఎవరో ఎగిరారు, పాటొచ్చింది. హాలంతా పసుపు, నీలం, మళ్ళీ పసుపు. ఒక్కో మొహం స్పష్టంగా కనిపిస్తోంది. పళ్ళు, కళ్ళద్దాలు, ఒకాయన చొక్కా మీద టీ మరక. ఇది బాగానే ఉంది అనుకుంది అమ్మడు, ఇలా చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

తర్వాత సొరంగం పడింది. వెనకాల నీళ్ళు కారుతున్న చప్పుడు, ఎవరో ఊపిరి పీలుస్తున్న చప్పుడు. తెర మీద చిన్న టార్చి వెలుగు తప్ప ఇంకేమీ లేదు.

హాల్లోనూ ఏమీ లేదు. నాలుగో వరస లేదు, మెకానిక్ లేడు, టీ మరక లేదు. కుర్చీల వీపుల మీద ఎక్కడో ఒక మసక గీత. కళ్ళు చిట్లించింది, పెద్దవి చేసింది, అయినా లాభం లేదు. నాన్న కళ్ళకేమీ కాలేదు. అక్కడ కనిపించడానికి వెలుతురే లేదు. మొహాల మీద పడే వెలుతురంతా తెర నుంచి వచ్చేదే కదా. తెర చీకటైతే మొహాలూ చీకటే.

నాన్న పక్కకి వంగి గుసగుసగా, "చూశావా, కదలికే లేదు," అన్నాడు.

అమ్మడికి అప్పుడు అర్థమైంది. ఈయన ఇన్నేళ్ళూ ఎంచింది మంచి సినిమాల్ని కాదు. తళతళలాడే సినిమాల్ని. వాటిలో మంచివి ఆడాయి, చెడ్డవి పోయాయి. చీకటి సినిమాలు అచ్చిరాకపోవడం కాదు, అసలు ఒక్కటైనా గుమ్మం తొక్కితే కదా.

నాన్న కళ్ళు బాగున్నాయన్న సంతోషం ఒక నిమిషం కూడా నిలవలేదు. ఈ సంగతి చెప్పాలా వద్దా? చెప్తే, పాతికేళ్ళుగా ఆయన నిలబడ్డ నేలని లాగేసినట్టే. చెప్పకపోతే మూడో భాగం వస్తుంది, అది పోతే సోఫాలు వస్తాయి. పోనీ మూడో భాగం ఆడేస్తే? ఆడనూ వచ్చు. నాన్న పద్ధతిలో తప్పుందంటే సొరంగం మంచిదని కాదుగా. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు, ఆమెకి నూతిలో ఎంత నీళ్ళున్నాయో కూడా తెలియదు.

రాత్రి అన్నం సయించలేదు. పొద్దున్న హాల్లోకి వెళ్ళింది. నాన్న ఆరో వరసలో బోర్లా పడుకుని కుర్చీల బోల్టులు బిగిస్తున్నాడు. కాళ్ళు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. ఆ కాళ్ళతోనే మాట్లాడింది.

"నాన్నా, నిన్న సొరంగానికి నాకు ఒక్క మొహమూ కనిపించలేదు."

"అలవాటవ్వాలి."

"అలవాటు కాదు నాన్నా. లైటు లేదు. తెర మీద వెలుగు లేకపోతే వాళ్ళ మీదా ఉండదు. మీరు చూసింది మొహాలు కాదు, చీకటి."

పానా చప్పుడు ఆగింది.

"పోయిన వేసవి ట్రైలర్ గుర్తుందా? మంచు కొండలు, తెల్ల గుర్రాలు," అంది అమ్మడు. "హాలంతా ట్యూబ్ లైటు వేసినట్టు ఉండి ఉంటుంది."

నాన్న నెమ్మదిగా బయటికి జరిగి, కుర్చీ చెయ్యి పట్టుకుని లేచి కూర్చున్నాడు. చెంప మీద గ్రీజు అంటుకుంది.

"మీ అమ్మకి చెప్పావా?"

"లేదు."

"చెప్పకు. తన తమ్ముడి కేసు తిరగదోడుతుంది." కాసేపు పానా అటూ ఇటూ తిప్పాడు. "ఇవాళ ఆటలో హాలు లైట్లు కొంచెం వెలిగించి ఉంచి వేద్దాం ఆ ట్రైలర్. కనిపిస్తారుగా అప్పుడు."

అలాగే వేశారు. గోడ లైట్లు సగం వెలుగుతుండగా సొరంగం మొదలైంది. మొహాలు కనిపించాయి, నిజమే. అన్నీ చిరాకుతో ముడుచుకుని ఉన్నాయి. అర నిమిషం కాకముందే వెనక వరస లోంచి ఎవరో కేకేశారు.

"ఆ లైట్లు ఆర్పండి బాబూ. ఏమీ కనబడట్లా."

"ఫ్రీగా చూపిస్తున్నారుగా, అందుకే సగమే చూపిస్తున్నారు," అన్నారింకెవరో. నవ్వులు. మెకానిక్ నిద్ర లేచి అందరికంటే గట్టిగా ఈల వేశాడు. ఆపరేటర్ హడలిపోయి లైట్లు ఆర్పేశాడు. హాలు మళ్ళీ చీకట్లో మునిగి నిశ్శబ్దమైపోయింది.

బయటికి వచ్చాక నాన్న అన్నాడు, "పట్టని ట్రైలర్‌కి లైట్లెవరూ ఆర్పమనరు."

"కళ్ళల్లో లైటు పడితే ఎవరైనా అరుస్తారు నాన్నా. దాన్నిబట్టి ఏం చెప్పగలం?"

ఆ మాట అన్నాక నాలుక కరుచుకుంది. తనకి కావలసిన వైపే ఆయన మొగ్గుతుంటే అడ్డం పడటం దేనికి? కానీ తప్పుడు లెక్క తన పక్షాన ఉన్నా తప్పుడు లెక్కే.

నాన్న ఆమె వైపు తేరిపార చూశాడు. "అదీ నిజమే. నా పద్ధతి పోయింది. నీ పెట్టె ఏమంటోంది?"

"పెట్టె సంగతి వదిలెయ్యండి. అది హీరో అభిమానులు రాసిన కామెంట్లన్నీ తిని బలిసింది. ఒక్కొక్కడు పది పేర్లతో రాస్తాడు."

"అయితే నువ్వే చెప్పు."

"నేనా?"

"నా సగం నీ చేతిలో పెడుతున్నా. బాబాయ్‌తో నేను మాట్లాడుకుంటా. ఏది వేద్దాం?"

ఇన్నాళ్ళూ తన మాట ఎవరూ వినరని ఉడుక్కునేది. ఎవరైనా వింటే ఇంత భయంగా ఉంటుందని తెలియదు. రెండు రోజులు తిండి లేదు, నిద్ర లేదు. కంపెనీ మీటింగ్‌లో పిలిస్తే "సొరంగం" అని పలికింది. అవతలి వాళ్ళు నెట్ సరిగ్గా లేదనుకున్నారు. శుక్రవారం పొద్దున పంపిణీదారు తనే ఫోన్ చేశాడు.

"ఏమ్మా, మూడో భాగం రాసేసుకోనా మీకు?"

"వద్దండీ. సొరంగం."

"నాన్నగారికి తెలుసా?"

"పక్కనే ఉన్నారు."

"సరే తల్లీ. మీ హాలు, మీ ఇష్టం." ఆయన గొంతులో జాలి వినిపించింది. మూడో భాగానికి ఆయన దగ్గర వేరే హాళ్ళవాళ్ళు వరస కట్టి ఉన్నారు మరి.

ఫోన్ పెట్టేసేసరికి అమ్మ గుమ్మంలో ఉంది. "పాప్‌కార్న్ గింజలు ఎప్పటిలా తెప్పించనా, తగ్గించనా?"

అమ్మడు వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టడం మొదలుపెట్టింది. అమ్మ ఆమె నుదుటి మీద చెయ్యి వేసి చూసి, "ఎప్పటిలాగే తెప్పిస్తాలే. మిగిలితే మనమే తిందాం," అని వెళ్ళిపోయింది.

సినిమా విడుదలైన రోజు పొద్దున్నే ఎండ చురుక్కుమంది. మాల్ దగ్గర మూడో భాగానికి టపాకాయలు కాలుస్తున్న చప్పుడు ఇక్కడిదాకా వినిపించింది. వీళ్ళ హాలు మొదటి ఆటకి సగానికి కొంచెం తక్కువ నిండింది. అది మంచిదా చెడ్డదా ఎవరూ తేల్చలేదు. ఎవరూ పేరు వినని కుర్రాళ్ళకి మంచిదే. సోఫాలతో పోటీ పడాల్సిన హాలుకి చాలదు.

ఇంటర్వెల్‌లో జనం బయటికొచ్చారు. అమ్మడు నీళ్ళ కుళాయి దగ్గర నిలబడి చెవులు రిక్కించింది. ఒక కాలేజీ పిల్ల ఫోన్‌లో, "ఏమో, ఊపిరాడట్లేదే," అంటోంది. తిట్టిందా పొగిడిందా తెలియలేదు. ఒక పెద్దాయన భార్యతో, "లోపల వేడిగా ఉందా, నాకే చెమటలు పట్టాయా?" అన్నాడు. ఆమె, "మాట్లాడకండి, కాసేపు గాలి పీల్చుకోనివ్వండి," అంది. పాప్‌కార్న్ కిటికీ దగ్గర మాత్రం ఈగలు. అమ్మ మొహం మాడిపోయింది.

"ఇంత సినిమాకి ఒక్కడికీ ఆకలెయ్యలేదు," అంది.

సరిగ్గా అప్పుడే బాబాయ్ వచ్చాడు. పక్కన లావుపాటి మనిషి, చేతిలో ఇనప టేపు. సోఫాలాయన అని పరిచయం చేయకముందే అందరికీ అర్థమైంది.

"సగం కూడా నిండలేదటగా," అన్నాడు బాబాయ్. గొంతులో వెటకారం లేదు. ఉంటే బాగుండేది. "ఏమీ అనుకోకు అన్నయ్యా. ఆయన ఊరెళ్ళిపోతున్నాడు. ఊరికే కొలతలు తీసుకుంటాడు. రేపు మళ్ళీ రాలేడు."

"తీసుకోనీ," అన్నాడు నాన్న.

సోఫాలాయన లోపలికి వెళ్ళి, వెనక గోడకి టేపు తగిలించి, కుర్చీల మధ్యగా జరుగుతూ నాలుగో వరస దాకా వచ్చాడు. గంట మోగింది. జనం వచ్చి కూర్చున్నారు, లైట్లు ఆరిపోయాయి. అమ్మడు తలుపు దగ్గర నిలబడి ఆయన బయటికొస్తాడని చూసింది. తెర మీద టార్చి వెలుగు ఒకటి వణికింది. టేపు సర్రున చుట్టుకున్న చప్పుడు, ఎవరో "ష్" అనడం, ఒక కుర్చీ కిర్రుమనడం. అంతే.

ఆట అయ్యేదాకా ముగ్గురూ వరండాలోనే ఉన్నారు. బాబాయ్ వాచీ చూసుకుంటూ అటూ ఇటూ తిరిగాడు. నాన్న గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అమ్మడు గోళ్ళు కొరికింది. లోపలి నుంచి నవ్వు రాలేదు, ఈల రాలేదు. ఒకసారి మాత్రం హాలంతా కలిపి ఊపిరి వదిలినట్టు ఒక చప్పుడొచ్చింది. దాన్ని ఏమనాలో ఆమెకి తెలియలేదు.

తలుపులు తెరుచుకున్నాయి. జనం ఎండకి కళ్ళు చిట్లించుకుంటూ, పెద్దగా మాట్లాడుకోకుండా వెళ్ళిపోయారు. చివరికి సోఫాలాయన వచ్చాడు.

"కొలిచారా?" అన్నాడు బాబాయ్.

"ఎక్కడండీ. లైట్లు తీసేశారుగా." మొహం తుడుచుకున్నాడు. తిన్నగా అమ్మ కిటికీ దగ్గరికి నడిచాడు. "అమ్మా, సినిమాలో ఆ ముసలాయన సొరంగంలోకి వెనక్కి ఎందుకెళ్ళాడు? మొదటి సగంలో ఏదో అయి ఉంటుంది, కదా?"

"అయింది," అంది అమ్మ.

"ఏమైంది?"

"అది చెప్తే నేనిక్కడ కూర్చోవడం దేనికి? మధ్యాహ్నం ఆటకి టికెట్ తీసుకోండి."

"ఏమండీ, మీకు బస్సు ఉందన్నారు," అన్నాడు బాబాయ్.

"ఉందండీ. సాయంత్రం ఇంకోటి ఉంది. ఆట అయ్యాక కొలుద్దాంలెండి, హాలెక్కడికీ పోదుగా." జేబులోంచి పర్సు తీయడానికి టేపు అడ్డొచ్చింది. దాన్ని బాబాయ్ చేతిలో పెట్టాడు. "కాస్త పట్టుకోండి."

అమ్మ టికెట్ చింపి ఇచ్చింది. రోడ్డు మీద ఎండ తెల్లగా మండుతోంది. మధ్యాహ్నం ఆటకి ఇంకెవరైనా వస్తారో లేదో తెలియదు. సోఫాలాయన ఒక్కడే వరండాలో నీడ చూసుకుని కూర్చున్నాడు. బాబాయ్ ఆ టేపు పట్టుకుని అన్నయ్య వైపు చూశాడు, అన్నయ్య అమ్మడి వైపు చూశాడు. అమ్మడు వీధి చివరి వైపు చూసింది. అక్కడి నుంచి ఎవరో ఇద్దరు ఇటే నడిచి వస్తున్నారు. టైర్ల షాపుకో, టైలరు కొట్టుకో, హాలుకో, ఇంకా దూరంలోనే ఉన్నారు.